గుడ్డ కట్టని చెయ్యి

ఫలానా ఇంట్లో దెయ్యం ఉందని ఎవరైనా చెబితే, ఆ ఇంట్లో గాలీ వెలుతురూ సరిగ్గా లేవని అర్థం చేసుకునే రకం నేను. కార్పొరేషన్‌లో ఆరోగ్య కార్యకర్తగా, పిల్లలకు చుక్కలమందు వేస్తూ ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ సందుల్లో ఇరవయ్యేళ్లకు పైగా తిరిగాను. ఉరి వేసుకున్న గదుల్లోకి వెళ్లాను. జనం దండం పెట్టుకుని పక్కనుంచి తప్పుకునే పాత మేడల్లోకి ఒంటరిగా వెళ్లాను. నాకు అక్కడ కనిపించినవి దోమలు, ఎలుకలు, చెమ్మ పట్టిన గోడలు.

ఈ మొండితనం మా అయ్యది. అయ్య ఓడరేవులో డాక్ కూలీ, ఎర్రజెండా యూనియన్ మనిషి. మా గదిలో ఒక గోడకి అమ్మ పెట్టుకున్న అమ్మవారి పటం, దాని పక్కనే అయ్య తగిలించిన యూనియన్ కేలండర్ ఉండేవి. ఒకరి మేకు ఒకరు పీకలేదు. అలా నడిచిపోయింది కాపురం.

ఇప్పుడు రాయబోయేది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ చెప్పనివ్వలేదు. "నలుగురి నోల్లలో పడితే అరిగిపోద్దే అమ్మీ" అనేది. అమ్మ పోయి రెండేళ్లయింది. మొన్న తమ్ముడే అన్నాడు, రాసెయ్యి అప్పా, నువ్వు కూడా మరిచిపోతే ఎలాగ అని.

అయ్య పని గురించి ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. సరుకు ఎక్కించే ఓడకి కడుపులో బావి అంత లోతు గొయ్యి ఉంటుంది. అడుగున కూలీలు ఉంటారు. పైన డెక్ మీద, సరుకుని తాడుతో ఎత్తి దించే వించి నడిపేవాడు ఉంటాడు. వించి మీద ఉన్నవాడికి గోతిలో ఏముందో కనిపించదు. గోతిలో ఉన్నవాళ్లకి వించి కనిపించదు. ఇద్దరినీ చూడగలిగేవాడు ఒక్కడే, గోతి అంచున నిలబడే సిగ్నల్‌మేన్. అదే మా అయ్య ఉద్యోగం.

ఆ రొదలో గొంతు పనికిరాదు. అంతా చేత్తోనే. అరచెయ్యి పైకి తిప్పి ఎత్తితే 'హాబిస్', అంటే పైకి లాగు. అరచెయ్యి కిందికి తిప్పి గాలిని నొక్కినట్టు నొక్కితే 'ఆరియా', అంటే దించు. పిడికిలి బిగిస్తే ఆపు. తెలుగువాడు, బిహారీ, బెంగాలీ, ఒడియావాడు, ఎవరి భాష వాళ్లదే అయినా డాక్‌లో ఈ రెండు మాటలూ, ఈ చెయ్యీ అందరివీ.

అయ్య ఇంట్లో కూడా ఇదే భాష మాట్లాడేవాడు. అమ్మ అన్నం వడ్డిస్తుంటే పిడికిలి బిగిస్తే చాలని. రేడియో గట్టిగా పెడితే ఆరియా. పొద్దున్నే తమ్ముణ్ణి లేపాలంటే మంచం పక్కన నిలబడి హాబిస్. మా ఇంట్లో అరుపులు తక్కువ అని పక్కవాళ్లు మెచ్చుకునేవారు. అరిచే అవసరమే ఉండేది కాదు.

ఆయనకొక అలవాటుండేది. ఏ సైగ చేసే ముందైనా బొటనవేలినీ చూపుడువేలినీ రెండుసార్లు రాసుకునేవాడు, కూరలో చిటికెడు ఉప్పు వేసినట్టు. వేళ్లకున్న దుమ్ము రాలగొట్టుకోవడం అలా మొదలై, దుమ్ము లేకపోయినా చెయ్యడం అయింది. ఇంకే సిగ్నల్‌మేన్ చేతికీ ఆ అలవాటు ఉందని నేను వినలేదు.

రెండో గుర్తు ఎర్ర గమ్ఛా. చెయ్యి దూరానికి కనిపించాలని కుడి మణికట్టుకి ఎర్ర గుడ్డ చుట్టుకునేవాడు. యూనియన్ జెండా చింపి కట్టుకున్నావా అని స్నేహితులు ఆటపట్టించేవాళ్లు. జనపనార పొడీ చెమటా పట్టి అది అట్టలా బిగుసుకుపోయి ఉండేది. అమ్మకి దాని వాసన గిట్టేది కాదు.

నాకు పదిహేనేళ్లు, తమ్ముడు సింహాచలానికి తొమ్మిది. వానాకాలం. ముందురోజు సాయంత్రం అమ్మ ఆ గమ్ఛాని ఉతికి ఆరేసింది. ఉతకొద్దని అయ్య చెప్పినా వినలేదు. పొద్దుటికి అది ఆరలేదు. అయ్య తాడు మీద గుడ్డని పట్టుకుని చూసి, "ఒక్క గుడ్డ ఒగ్గీనేవేటే నువ్వు?" అని విసుక్కున్నాడు. తడిదే కట్టుకోబోతే అమ్మ లాక్కుంది. తడిగుడ్డ కట్టుకుంటే చెయ్యి పాసిపోతుందని. "ఒక్కరోజుకి ఏటైపోద్ది, ఎల్లు" అంది. నేను అక్కడే జడ వేసుకుంటున్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

అయ్య బోసిచేత్తో పనికి వెళ్లాడు. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. జనపనార బేళ్లు కట్టిన తాడు గాలిలో ఉండగానే తెగింది. అంచున నిలబడ్డ అయ్య మీద పడ్డాయి.

ఆరోజు వించి మీద ఉన్నది జగ్గారావు మావ. అయ్యా ఆయనా ఒకే ఊరినుంచి కలిసి వచ్చినవాళ్లు. పదోరోజున వచ్చి అమ్మ ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పాడు. "తాడు తెగిపోనాది వదినా. సైగలో తప్పు నేదు. గుడ్డ నేకపోయినా నాకు అన్న సెయ్యి అగుపడతానే ఉన్నాది." అమ్మ తల ఊపింది గానీ నమ్మలేదు. తనని ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాడని అనుకుంది. గుడ్డ ఉంటే జగ్గడికి చెయ్యి కనిపించేది, చెయ్యి కనిపిస్తే వించి ఒక్క క్షణం ముందే ఆపేవాడు, అప్పుడు తాడు తెగేది కాదు. ఇది ఆవిడ లెక్క. యూనియన్ నాయకులు చెప్పినా, నేను చెప్పినా ఆ లెక్క మారలేదు.

అప్పటినుంచీ అమ్మ అడగకుండా ఏ బట్టా ఉతకలేదు. ప్రతి పొద్దునా తమ్ముడి చొక్కా పట్టుకుని వాడి దగ్గరకొచ్చి, "ఇది ఉతికీనా?" అని అడిగేది. వాడు బడికెళ్లే రోజుల్లోనూ అదే. రైల్వేలో ఉద్యోగమొచ్చి సంత్రాగాఛి క్వార్టర్స్‌కి అమ్మని తీసుకెళ్లాకా అదే. వాడు ఊఁ అనేదాకా నీళ్లలో ముంచేది కాదు. ఒక్కోసారి వాడు విసుక్కునేవాడు. విసుక్కుని మళ్లీ తనే వెళ్లి అమ్మ భుజం మీద చెయ్యి వేసేవాడు. పద్నాలుగేళ్లు ఇలా గడిచాయి.

ఎర్ర గమ్ఛా మాత్రం ట్రంకుపెట్టెలో అడుగున ఉండేది.

సీతమ్మ సందు గురించి అమ్మకి చెప్పింది తమ్ముడితో పనిచేసే పురూలియా మనిషి. వాళ్ల ఊరి దగ్గర అడవిలో కొండ మీద పెద్ద బండలున్నాయి. వనవాసంలో రాముడూ సీతా అక్కడ ఆగారట. సీతమ్మ వంట చేసిన మూడు పొయ్యిరాళ్లు ఉన్నాయి. వాటికి పైన రెండు పెద్ద బండల మధ్య సన్నటి పగులు ఉంది. రాక్షసులు వెంటపడితే సీతమ్మకి దారి ఇవ్వడానికి బండ తనంతట తనే విచ్చుకుందట. ఆడవాళ్లు మొక్కుకుని ఒక చివర దూరి రెండో చివర బయటికొస్తారు. మనసులో తప్పు లేనివాళ్లని బండ వదిలేస్తుంది. ఉన్నవాళ్లని పట్టేసుకుంటుంది.

ఆయనేదో మాటవరసకి చెప్పాడు. అమ్మ అన్నం దగ్గర చెయ్యి ఆపేసి విందట.

ఆ ఆదివారం నేను వెళ్తే ఆవిడ తీర్మానించేసుకుని ఉంది. "నానెల్తాను. అది ఒగ్గేస్తే నా తప్పు కాదు. పట్టీస్తే నా తప్పే. ఇంక ఎవల్నీ అడగను." నాకు ఒళ్లు మండింది. అప్పటికే అమ్మకి రక్తపోటు, మోకాళ్ల నొప్పులు. మనిషి భారీ. సన్నటి పగులులో లావుపాటి మనిషి ఇరుక్కుంటే అది పాపం కాదు, కొలత అని అరిచాను. ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే అయింది. ఒకసారి బంద్ వల్లా, ఒకసారి తమ్ముడికి సెలవు దొరక్కా ప్రయాణం ఆగింది. మరిచిపోతుందనుకున్నాం. ఫాల్గుణమాసంలో మేం సంత్రాగాఛిలో బండెక్కాం. మా ఆయన పిల్లని చూసుకుంటానన్నాడు.

పురూలియా ఆయన ఇంట్లో ఒక రాత్రి పడుకుని తెల్లారి బయల్దేరాం. దారి చూపడానికి ఆ ఊరి పెద్దాయన బుధన్ దా వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మాటకి ముందు ఒక నిమిషం ఆలోచిస్తాడు. అమ్మ కాళ్లకి తమ్ముడి కేన్వాస్ బూట్లు. చీర కింద ఆ బూట్లు చూసి నవ్వాపుకోలేకపోయాను. "నవ్వీ, నవ్వీ. నీ పెళ్లిలో కూడా ఇంత మంచి జోల్లు ఎయ్యనేదు" అంది అమ్మ.

అడవంతా సాల చెట్లు. మధ్యమధ్య మోదుగలు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. ఇప్పపూలు రాలి దారంతా తియ్యటి వాసన. తెల్లారగట్లే ఏరుకున్న పూలని గంపల్లో పెట్టుకుని ఆడవాళ్లు ఎదురొచ్చారు. అమ్మ వాళ్లని ఆపి తన బెంగాలీలో పలకరించింది. వాళ్లకి అది సగం అర్థమైంది. ఒకావిడ అమ్మ చేతిలో గుప్పెడు పూలు పెట్టి వెళ్లింది.

మూడు గంటల నడక. అమ్మ ప్రతి మలుపులో ఆగేది. ఆగినప్పుడల్లా తమ్ముడు నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని నిలబడేవాడు. అలసట వల్ల మొహం ఎర్రబడింది గానీ, అమ్మని అంత తేలిగ్గా నేను చాలా ఏళ్లుగా చూడలేదు. ఏదో ఒకటి తేలిపోబోతోందన్న నిశ్చింత అది. నాకు మాత్రం ఆ నిశ్చింత లేదు. ఎందుకంటే ఆ పగులు అమ్మని పట్టేస్తుందని నాకు ముందే తెలుసు. పట్టేస్తే మిగిలిన జీవితమంతా అమ్మ దోషిగానే బతుకుతుంది.

తమ్ముడూ నేనూ ఒక ఎత్తు వేశాం. అమ్మ ముందు నడుస్తుండగా వాడు బుధన్ దా చెవిలో చెప్పాడు. పగులులో పాము దూరిందని చెప్పి, అమ్మని చుట్టుదారిన తీసుకెళ్లమని. ఆయన ఒక నిమిషం ఆలోచించాడు. "వేరే చోటయితే చెబుదును. అక్కడ అబద్ధం చెప్పలేను" అన్నాడు. కోపంగా అనలేదు. మా ఇద్దరికీ సిగ్గేసింది.

పొయ్యిరాళ్ల దగ్గరికి చేరాం. మనిషి నడుమంత ఎత్తు రాళ్లు మూడు, నున్నగా, పైన నల్లగా. ఎవరూ చెక్కినవి కావు. ఎన్నేళ్ల వానకో అలా అయ్యాయి. అమ్మ ఆకుదొన్నెలో ముఢీ, అదే మరమరాలు, పోసి, మీద ఆ ఇప్పపూలు పెట్టి రాళ్ల మధ్య ఉంచింది. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం మొక్కుకుందో అడగక్కర్లేదు.

పగులు అక్కడికి దగ్గర్లోనే ఉంది. దాని అంచులకి కుంకం పూసి ఉంది. మగవాళ్లు లోపలికి వెళ్లకూడదని ఆచారం. వాళ్లు చుట్టూ తిరిగి పైకెక్కి రెండో చివర నిలబడాలి. బుధన్ దా తమ్ముణ్ణి తీసుకుని వెళ్లాడు. వెళ్లేముందు చెప్పాడు. లోపల ఒకచోట వంపు వస్తుంది, వంపులో బండ పొట్టలా ముందుకొచ్చి ఉంటుంది, దాన్ని దాటితే మెట్లలాంటి రాళ్లు, అవి ఎక్కితే బయటికి. అమ్మ ముందు దూరింది. వెనకాల నేను.

మొదట్లో పక్కకి తిరక్కుండానే నడవగలిగాం. ఇరవై అడుగులయ్యాక భుజాలు తగిలాయి. పక్కకి తిరిగాం. రాయి చల్లగా ఉంది. మనిషికి రెండింతల ఎత్తున ఒక సన్నటి చీలిక లోంచి ఎండ పడుతోంది. సమయం పన్నెండు దాటింది. బయటినుంచి తమ్ముడి గొంతు వినిపిస్తోంది గానీ వంపు అడ్డు. వాడికి మేం కనిపించం, మాకు వాడు కనిపించడు.

ఆ పొట్ట దగ్గర అమ్మ ఆగింది. ఆగిందంటే ఇరుక్కుంది. రొమ్ము దగ్గర ఒక బండ, వీపు దగ్గర ఒక బండ. నా ముందు అమ్మ ఎడమభుజం, లేత నీలం చీర కప్పుకున్న వీపులో కొంత భాగం మాత్రం కనిపిస్తున్నాయి. మొహం అటు తిరిగి ఉంది. నేను తోశాను. కదల్లేదు. వెనక్కి లాగాను. కదల్లేదు.

అమ్మ అలికిడి ఆగిపోయేసరికి బయటివాళ్లు కంగారుపడ్డారు. పొట్ట దాటి మెట్లరాళ్ల దగ్గర ఉందనుకున్నారు. "ఉఠే ఏసో మాషీమా, ఉఠే ఏసో!" అని బుధన్ దా. "పైకి రా అమ్మా, పైకి!" అని తమ్ముడు. అమ్మ ఆ మాట విని మునివేళ్ల మీద లేచింది. లేచినకొద్దీ బండ ఇంకా బిగిసింది. నేను వెనకనుంచి వద్దని అరుస్తున్నాను. నా గొంతూ, వాళ్ల గొంతులూ ఆ సందులో కలగాపులగమై ఒక్క మాటా తెలియట్లేదు.

అమ్మ ఊపిరి చిన్నదైపోయింది. ఈల వేసినట్టు వస్తోంది. అప్పుడంది, చాలా మెల్లగా. "పట్టీసింది అమ్మీ. నన్ను పట్టీసింది."

నేను ఆసుపత్రుల్లో చాలా చూశాను. ఇక్కడ కళ్లు తిరిగి పడిపోతే పడటానికి కూడా చోటు లేదు. నిలబడ్డచోటే పోతుంది. తప్పు తనదే అనుకుంటూ పోతుంది. అది ఇంకా భరించలేకపోయాను. అమ్మ వీపు మీద చెయ్యి వేసి, నీ తప్పు కాదమ్మా, నీ తప్పు కాదు అని ఏడ్చాను.

అప్పుడు అమ్మ వీపు మీద నీడ పడింది.

చీలికలోంచి పడే ఎండ ఆ నీలం చీర మీద జానెడు మేర తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఒక చెయ్యి నీడ. స్పష్టంగా, అంచులతో సహా. వేళ్లు ఐదూ కనిపించాయి. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి రెండుసార్లు రాసుకున్నాయి. చిటికెడు ఉప్పు వేసినట్టు.

తర్వాత అరచెయ్యి బోర్లా పడి, గాలిని మెల్లగా నొక్కింది. ఆరియా.

అమ్మ ఊపిరిలో ఈల ఆగింది. మునివేళ్ల మీద నిలబడ్డ మనిషి మడమలు దించింది. చెయ్యి మళ్లీ నొక్కింది. అమ్మ మోకాళ్లు కొంచెం వంచింది. మళ్లీ. ఇంకొంచెం. బయట వాళ్లు పైకి రా పైకి రా అంటూనే ఉన్నారు. అమ్మ కిందికి దిగుతోంది. పిడికిలి బిగిసింది. అమ్మ ఆగింది. పొడుగ్గా ఊపిరి వదిలింది, ఖాళీ అయ్యేదాకా. చెయ్యి రెండు వేళ్లు చూపి పక్కకి మెల్లగా లాగింది. అమ్మ భుజం దించి పొట్ట కిందనుంచి జారి అటువైపు వెళ్లిపోయింది. చీర బండకి రాసుకున్న చప్పుడు కూడా విన్నాను.

నీడ లేదు. రాతి మీద ఖాళీ ఎండ. తలెత్తి చూశాను. నాకు కనిపించింది చీలిక, దాని వెనక నీలంగా కొంచెం ఆకాశం.

నేను సన్నటి మనిషిని. అమ్మ దిగినట్టే దిగి అవతలికి వచ్చేశాను.

బయట తమ్ముడు అమ్మని పట్టుకుని ఏడుస్తున్నాడు. తను పిలవబట్టే వచ్చిందని వాడి నమ్మకం. బుధన్ దా నీళ్లిచ్చాడు. దిగేటప్పుడు అమ్మ పొయ్యిరాళ్ల దగ్గర కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది. నేను అప్పటిదాకా నీడ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇది గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లని కోరుతున్నాను.

అమ్మ తన కుడిచెయ్యి ఎత్తింది. బొటనవేలూ చూపుడువేలూ రెండుసార్లు రాసింది. అరచెయ్యి బోర్లించి గాలిలో నొక్కింది.

"ఇలగన్నాడు" అంది. "పైన ఎలుగులో. సెయ్యి ఒక్కటే అగుపడ్డాది."

అమ్మే మళ్లీ అంది. "సేతికి గుడ్డ నేదే అమ్మీ. బోసి సెయ్యే. అయినా ఎంత బాగా అగుపించిందో." కళ్లు తుడుచుకుంది. "జగ్గడు అబద్దం ఆడనేదు. పాపం, ఆడు నిజమే సెప్పినాడు."

అప్పుడు ఏడ్చింది. పద్నాలుగేళ్లలో అమ్మ అంత హాయిగా ఏడవడం నేను చూళ్లేదు. దొన్నెలో ముఢీని అప్పటికే చీమలు పట్టుకుపోతున్నాయి.

నా బుద్ధి ఊరుకోదు కదా. సంచీ మరిచిపోయానని చెప్పి బుధన్ దాను వెంటబెట్టుకుని మళ్లీ పైకి వెళ్లాను. బండలమీదికి ఎక్కి ఆ చీలిక ఎక్కడుందో వెతికాం. రెండు బండల మీదా మూడో బండ వాలి ఉంది. దాని పక్కన రెండు వేళ్ల వెడల్పు సందు మిగిలింది. ఎండ పడేది అందులోంచే. నా చెయ్యి దూర్చి చూశాను. వేళ్ల కణుపుల దాకా వెళ్లింది, మణికట్టు వెళ్లలేదు. నా చెయ్యి అయ్య చేతిలో సగం ఉండదు. దగ్గర్లో చెట్టు లేదు, కొమ్మ నీడ అనుకోవడానికి. ఆ కొండ మీద కొండముచ్చులున్నాయి. కొండముచ్చు చెయ్యి ఆ సందులో పడుతుందేమో, నేను కాదనను. కానీ కొండముచ్చు ఆ సైగలు ఎక్కడ నేర్చుకుంది?

ఇక్కడ ఇదివరకు ఎవరికైనా ఏమైనా కనిపించిందా అని బుధన్ దాను అడిగాను. ఆయన ఒక నిమిషం ఆలోచించాడు. లేదన్నాడు. జనం ఇరుక్కుంటారు, ఏడుస్తారు, తాడు వేసి లాగుతాం, అంతే అన్నాడు. ఎందుకడుగుతున్నావని కూడా అడగలేదు.

భయంలో మనసు తనకి కావలసింది చూస్తుందని నాకు తెలుసు. నేను కూడా చిన్నప్పటినుంచీ చూసిన చెయ్యే కాబట్టి నీడని అలా పోల్చుకుని ఉంటాను. సరే. కానీ మొహం అటు తిరిగి ఉన్న అమ్మా, వెనకాల ఉన్న నేనూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే సైగని ఎలా చూశాం? అయ్య ఉండుంటే ఈ ప్రశ్నకి జవాబు చెప్పేవాడు. దేనికైనా ఒక కారణం చూపించేవాడు ఆయన.

తిరిగొచ్చిన నాలుగోరోజు పొద్దున్న మా వీధి చివర టెలిఫోను బూత్ నుంచి పిల్చారు. తమ్ముడు. గొంతు అదోలా ఉంది. అమ్మకేమైనా అయిందేమో అనుకున్నాను.

"అప్పా, డ్యూటీకి ఏటి ఏసుకెల్లాల నాను? యూనిఫాం ఉతికీసింది. నన్ను అడగనేదు. నాను సూసేతలికి తాడు మీద నీల్లు కారతా ఉన్నాది."

నువ్వేమన్నావని అడిగాను.

"ఏటంతాను?" అన్నాడు. "తడిదే ఏసుకుని వచ్చీసినాను. దాని పక్కనే అయ్య ఎర్ర గమ్ఛా కూడా ఆరేసింది అప్పా."

నేనిప్పటికీ దెయ్యాల్ని నమ్మను. ఎవరైనా గదిలో ఏదో తిరుగుతోందంటే కిటికీ తెరవమనే చెబుతాను. ఆ మధ్యాహ్నం మాత్రం నా లెక్కకి అందలేదు. లోపల ఇరుక్కున్న అమ్మనీ, బయట నిలబడ్డ తమ్ముణ్ణీ ఇద్దరినీ ఒకేసారి చూడగలిగిన మనిషి ఆ కొండ మీద లేడు. ఎవరో చూశారు. చూసి, అమ్మని మెల్లగా దించారు. అంతకుమించి నాకు తెలియదు.